పైకప్పుకు వెల్ల

హైదరాబాదుకు కొత్తగా వచ్చిన చుట్టాలను ఆబిడ్స్‌కు తీసుకువెళ్తే వారి చూపు దుకాణాల అద్దాల మీద నిలుస్తుంది. ఆదివారమైతే రోడ్డు పక్కన పరచిన పాత పుస్తకాల మీద వాలుతుంది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియను పెట్టిన అంగడి పేరే ఈ పేటకంతకూ స్థిరపడిందంటే ఆశ్చర్యపోతారు. కాని ఇక్కడి పాత కట్టడంలోకి అడుగుపెట్టి తల పైకెత్తి చూసేవారు బహు అరుదు. చూడాలి సుమా! ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు, వాటి మీద ఏళ్ళ తరబడి పూసిన సున్నపు పొరలు కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తాయి.

నాంపల్లి రైలు స్టేషను 1907 నాటిది. దానికి కాస్త దూరంలో మేమున్న ఇల్లు దానికి తమ్ముడి వరస. మా అమ్మకు ఉబ్బసం. మొన్నటి వానలకు ఆమె గది కప్పు చెమ్మగిల్లి, బూజు మచ్చలు కట్టి, పెచ్చులు మంచం మీద రాలసాగాయి. రంగు వేయించకపోతే బూజుతో ఆయాసం; వేయిస్తే వాసనతో ఆయాసం. నూనెరంగు ఆరేటప్పుడు గాలిలో కలిసే రసాయనాల ఆవిర్లు ఇటువంటివారికి గిట్టవు గదా!

ఆబిడ్స్ నుంచి ట్రూప్ బజారు దాకా నడిచి విచారించాను. ఖాదీ సంస్థవారు 2021 జనవరి 12న విడుదల చేసిన ‘ప్రాకృతిక్’ రంగు సంగతి ఒక దుకాణదారు చెప్పాడు. అది ఆవు పేడ మూలద్రవ్యంగా, జయపూరులోని కుమారప్ప చేతికాగితపు సంస్థలో రూపొందింది. ఈ మాట వినగానే మా ఆవిడ, “మా నాయనమ్మ అలికిన ఇల్లే మళ్ళీ డబ్బాలో వచ్చిందన్నమాట!” అని నవ్వింది.

చివరకు పెద్దవయసు మేస్త్రీ ఒకాయన వచ్చి, కప్పు వంక చూడకుండా నేరుగా మెట్లెక్కాడు. “ముందుగాల మిద్దె మీద చూడాలె సార్. నీళ్ళు దిగుతున్నంతసేపు కింద ఏ రంగేసినా నిలవది,” అన్నాడు. పైన బీట పూడ్చి, కప్పు ఆరేదాకా ఆగాక, అరచేయి తడిచేసి కప్పుకు రుద్దాడు. చేతికి తెల్లగా అంటింది. “సున్నమే ఉన్నది. సున్నం మీద సున్నం పడ్తది,” అన్నాడు. నీటిబొట్టు జారిపోయి ఉంటే అది ప్లాస్టిక్ రంగన్నమాట. దాని మీద వెల్ల నిలవదు, పొరలుగా ఊడివస్తుంది.

పాత నూనెరంగున్న కప్పును మాత్రం పొడిగా గీకించకండి. వెనకటి రంగుల్లో సీసం ఉండేది. 2016లో చేసిన నిబంధనల వల్ల 2017 నవంబరు నుంచి ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదు. అంతకు ముందటి పొరల ధూళి పిల్లలకు విషం. తడిపి గీకించి, తడిగుడ్డతో తుడిపించాలి.

ఇక సున్నం మహిమ. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. నీళ్ళు పోస్తే బుసబుస పొంగుతుంది. కప్పుకు పూశాక గాలిలోని అదే వాయువును పీల్చుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. దాని క్షారానికి బూజు నిలవదు. 1591 నాటి చార్మినారు గచ్చుకు ప్రాణం కూడా ఈ సున్నమే.

విషం లేదు గదా అని ఏమరుపాటు పనికిరాదు. సున్నం చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు. కప్పు పని అంతా తల పైకెత్తే చేయాలాయె! మేస్త్రీకి కళ్ళద్దాలు, చేతులకు తొడుగులు తెచ్చి ఇచ్చాను. ప్లాస్టిక్ బకెట్టులో సున్నం పోయబోతే, “వేడికి కరుగుతది,” అని ఇనుప డ్రమ్ము అడిగాడు. ఊరిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, కాస్త తుమ్మబంక కలిపి, కప్పు మీద నీళ్ళు చిలికి, పాలలా పలుచగా మొదటి చేయి వేశాడు.

సాయంత్రానికి కప్పు మరకలు మరకలుగానే ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి, “డబ్బు దండగ,” అంది. “రేపొద్దుగాల చూడు పెద్దమ్మా,” అన్నాడు మేస్త్రీ. తెల్లవారేసరికి మల్లెపూవులా తెల్లబడింది! రోజుకొకటి చొప్పున ఇంకా రెండు చేతులు పడ్డాయి. నాలుగో రాత్రి అమ్మ తన మంచం మీదనే పడుకొంది. ఆయాసపు మందు అవసరం రాలేదు.

వెల్ల ఒంటికి అంటుకుంటుందని చాలామంది మానేశారు. గోడ విషయంలో అది నిజమే. కాని పైకప్పును ఆనుకొని కూర్చొనేవారెవరు? సంక్రాంతికి ఇల్లు బాగుచేయించేటప్పుడు ఆలోచించండి. రంగు పేరు తరువాత. ముందు మిద్దె ఎక్కి బీటలు చూడండి.