చూసి రాసే పరీక్షే... అయినా!

పరీక్ష హాల్లో పుస్తకం తెరిస్తే డిబారే. పోచంపాడ్‌లో పదో తరగతి రాసే పిల్లాడికైనా తెలిసిన సంగతి ఇది. మెడికల్ కోడింగ్‌లో మాత్రం పుస్తకాలు లేకుండా కూర్చుంటేనే చిక్కు! అమెరికా సంస్థ ఏఏపీసీ నిర్వహించే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, నాలుగు గంటల సమయం. 70 శాతం వస్తే పాస్. జబ్బులకు ఐసీడీ-10-సీఎం, డాక్టరు చేసే పనులకు సీపీటీ, మందులూ పరికరాల వంటి వాటికి హెచ్‌సీపీసీఎస్... మూడూ ముందు పెట్టుకునే రాయొచ్చు.

చూసి రాయడమేగా అనిపిస్తుంది. కానీ ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రావు. ఒక్క ఐసీడీలోనే దాదాపు 70 వేల కోడ్‌లు. బీఎస్సీయో బీఫార్మసీయో చదివి అమీర్‌పేట కోచింగ్‌కు బస్సెక్కే పిల్లలు తడబడేది ఇక్కడే. చిన్నప్పటినుంచీ బట్టీ పట్టడం నేర్పాం, వెతకడం ఎవరు నేర్పారు?

పసుపు ఉడకబెడుతుంటే వేడినీళ్లు పడి కుడిచెయ్యి కాలిందనుకోండి. ఆర్మూరు, బాల్కొండ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు ఆ బాధ. అలాంటి కేసే అమెరికా ఆస్పత్రికి వచ్చి, డాక్టరు ‘సెకండ్ డిగ్రీ’ అని రాశారు. కోడర్ ముందు అక్షరక్రమ సూచికలో ‘బర్న్’ దగ్గర చెయ్యి, కుడి, రెండో డిగ్రీ అని వెతుక్కుంటూ వెళ్తే టీ23.201 దొరుకుతుంది. తొందరపడి అదే రాస్తే తప్పు! అసలు పట్టికలోకి వెళ్లి చూస్తే ఏడో అక్షరం కావాలంటుంది. ఎలా కాలిందో చెప్పే మరో కోడ్ కూడా జత చేయమంటుంది. ఏడో అక్షరం ‘ఏ’ అంటే మొదటిసారి రావడమని చాలామంది అనుకుంటారు. కాదు, గాయానికి అసలు చికిత్స నడుస్తున్నంత కాలం ‘ఏ’నే.

ఖర్చు సంగతీ ఉంది. ఈ పుస్తకాల ఆయుష్షు ఏడాదే. ఐసీడీకి అక్టోబరు 1 ఉగాది, సీపీటీకి జనవరి 1. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-9 నుంచి పదికి మారినప్పుడైతే పాత పుస్తకాలన్నీ ఒక్కరోజులో చిత్తుకాగితాలయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో లేఆఫ్ ప్రకటించారు. ఊరిపట్టునే కొలువు అన్న ఆశ అలా సన్నగిల్లిన ఇళ్లలో పుస్తకాల డబ్బులు చిన్న మాటేం కాదు. సీనియర్ల పాత పుస్తకం సాధనకు పనికొస్తుంది. పరీక్షకు ఏ ఏడాది ఎడిషన్ ఒప్పుకుంటారో చూశాకే కొత్తది కొనాలి.

కోచింగ్ కరపత్రాల్లో పెద్దగా కనిపించని మాట ఒకటుంది. ఐసీడీ-10-సీఎం కోడ్‌ల జాబితా, వాటి నియమావళి అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితం. వాట్సప్‌లో తిరిగే, ఏ ఏడాదివో తెలియని పీడీఎఫ్‌లకన్నా అవి వెయ్యిరెట్లు నయం. సీపీటీ మాత్రం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొత్తు, కొనుక్కోవాల్సిందే.

కొన్నాక దాన్ని తెల్లగా దాచుకోవద్దు. పని మీద అవసరమయ్యే నోట్సు అంచుల్లో చేత్తో రాసుకోవచ్చు, ట్యాబ్‌లు పెట్టుకోవచ్చు. విడి కాగితాలు అంటిస్తే మాత్రం ఒప్పుకోరు. ఇంతా చేసి పాసైతే, కొత్తవాళ్ల సర్టిఫికెట్ మీద ‘సీపీసీ-ఏ’ అని ఉంటుంది. ‘ఏ’ అంటే అప్రెంటిస్. అనుభవం చూపిస్తేనే ఆ అక్షరం పోతుంది.