వీరవిద్యావంతుని గొంతు

పాటకు నాలుగు నిమిషముల పరిమితి, పాడినవానికి బిరుదము, పాడించినవానికి ధనము అను మూడు సూత్రములపై నడచు నేటి సంగీతలోకమునకును, కార్తీకమాసపు చలిలో కారంపూడి వీరులగుడి ముంగిట పల్నాటి వీరుల కథ పాడు వీరవిద్యావంతునికిని పెద్దగా ప్రసక్తి లేదు. అతడు పాడునది మొదట వీరులకు, పిదపనే మనకు. కార్తీక అమావాస్య మొదలుకొని రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు సాగు ఆ యుత్సవమున, ఊరి ప్రజలు పన్నెండవ శతాబ్దమునాటి దాయాదుల పోరును నిన్నటి పొలముతగాదా వలె తలచుకొని కంటతడి పెట్టుదురు.

ఈ గానము ఎంత ప్రాచీనమో తెలియగోరువారు క్రీడాభిరామమును తెరచి చూడవచ్చును. ఓరుగంటి వీథిలో ఒక స్త్రీ ద్రుతతాళమున, ద్విపదలో, ఈ వీరులనే పాడుచుండగా యువకులు ఉద్రేకమున ఊగిపోయిన దృశ్యమందున్నది. ఆ కావ్యము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వివాదమును పండితులకే వదలుదము. ఆ గాయని పేరు మాత్రము ఏ పండితునికిని తెలియదు. శ్రీనాథుని పేర వెలసిన ద్విపదకృతిని అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో అచ్చొత్తించి కథకు గ్రంథగౌరవము కల్పించిరి. ఏడు దశాబ్దములు గడచిన పిమ్మట, అమెరికా పండితుడు జీన్ రోఘైర్ పల్నాటి గాయకుడైన అలిశెట్టి గాలెయ్య నోట విన్న కథను ఆంగ్లీకరించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి ప్రకటించెను. ఈ తడవ గాయకుని పేరు నిలిచినది. నిలిపినవాడు పరదేశీయుడగుట మనము కొంచెము సిగ్గుపడవలసిన సంగతియే.

ఇదే కథను షేక్ నాజరు బుఱ్ఱకథగా చెప్పి జనసామాన్యమును ఉఱ్ఱూతలూపెను. 1986లో పద్మశ్రీ ఆయనను వరించినది. 1947లోను, 1966లోను వెండితెర సైతము పల్నాటి యుద్ధమును చూపినది. వానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని ఈ కథలో బొంగరమాడు యువవీరుడైన బాలచంద్రుని దర్పమునకు పడుచుగొంతు చాలును. సంధికై రాయబారమేగిన అలరాజు విషప్రయోగమునకు బలికాగా అతని భార్య పేరిందేవి సహగమనమునకు సిద్ధపడు ఘట్టమునకు, ఆప్తులను కాటికి సాగనంపిన ముదుసలి గొంతే కావలెను. అక్కడ స్వరము జీరవోయిన దోషము కాదు, ఊపిరి చాలక పాదము నడుమ ఆగిన లోపము కాదు. ఆ ఆగుటలోనే వినువాని గుండె బరువెక్కును. శ్రుతిశుద్ధిని కొలుచు విమర్శకుడు ఈ సంగతి నొప్పుకొనకపోవచ్చును. అతడు రాత్రి తొలిజామునందే లేచిపోవువాడు.

2022లో నరసరావుపేట కేంద్రముగా పల్నాడు పేరనే జిల్లా ఏర్పడినది గనుక, ఇకమీదట సన్మానములకు కొదువ యుండదని తలచెదను. అయితే వృద్ధగాయకునికి శాలువ కప్పి ఛాయాపటము తీయించుకొనుటకంటె, అతని వెంట తిరుగుచు వంత పాడి, తాళము వేసి, కథనంతయు కంఠస్థము చేయగోరు ఒక్క కుఱ్ఱవానికి నాలుగేండ్లపాటు గ్రాసవాసములు అమర్చిన, ఆ వృద్ధుడు సంతోషించును. కారంపూడికి కథకుడును మిగులును. మాచర్ల, గురజాల వర్తకులలో ఆ మాత్రము కలిమి గలవారు లేకపోలేదు.