బొమ్మ చూసి బొమ్మ చెప్పు

ఉగాదినాడు పంచాంగం వినడానికి గుడిలో చేరే జనంలాగా, జనవరి ఒకటిన ఒక పిచ్చి గీతల బొమ్మ ముందు చేరే జనం దేశదేశాల్లో ఉన్నారు. న్యూయార్క్‌లో క్రైటీరియన్ కలెక్షన్ అని ఒక సంస్థ ఉంది. పాత సినిమాలను, మంచి సినిమాలను శుభ్రం చేసి, వాటికి వ్యాసాలూ ముఖాముఖిలూ జోడించి డిస్కులుగా అమ్మడం దాని పని. కొత్త సంవత్సరం మొదటి రోజున ఆ ఏడాది తేబోయే సినిమాలను కొన్నిటిని ఒకే బొమ్మలో దాచి బయటపెడుతుంది. పేర్లు ఉండవు. బొమ్మలో పిట్ట కనిపిస్తే కథలో పిట్ట ఉందా, పేరులో పిట్ట ఉందా, లేక దర్శకుడి ఇంటిపేరే పిట్టా అన్నది మనమే తేల్చుకోవాలి. తేల్చుకునేదాకా నిద్ర పట్టనివాళ్లలో నేనొకణ్ణి. ఉండేది చింతూరులో.

నెలనెలా పంపే ఉత్తరంలో కూడా ఆ సంస్థ ఇలాంటి చిన్న బొమ్మ ఒకటి పెట్టేది. చాలా ఏళ్లు వాటిని గీసినవాడు జేసన్ పోలన్. న్యూయార్క్‌లో కనిపించిన ప్రతి మనిషినీ గీయాలని పంతం పట్టిన చిత్రకారుడు. 2020 జనవరిలో 37 ఏళ్లకే పోయాడు. వంకర గీతలు, తొందరగా లాగినట్టుండే ముఖాలు. అందంగా గీస్తే జవాబు తెలిసిపోతుందని కాబోలు, అలా గీసేవాడు.

బొమ్మ ఒక్కటే దారి కాదు. ఈ ఆటలో ఆరితేరినవాళ్లు అసలు బొమ్మ దాకా ఆగరు. ఏటా జూన్‌లో ఇటలీలోని బొలోన్యాలో పాత సినిమాల పండగ జరుగుతుంది. మేలో కాన్స్‌లో పాత చిత్రాలకు ప్రత్యేక విభాగం ఉంటుంది. అక్కడ ఏ సినిమా కొత్త ప్రింటు వేశారో రాసి పెట్టుకుంటారు. క్రైటీరియన్‌కు తోబుట్టువులాంటి జానస్ ఫిల్మ్స్ ఏ సినిమా హక్కులు కొన్నదో కనిపెడతారు. ఇంకో కంపెనీ అమ్ముతున్న డిస్కు ఉన్నట్టుండి దొరకకుండా పోతే చెవులు నిక్కబొడుచుకుంటారు. సంస్థ తన డిస్కులకు వరసగా నంబర్లు వేస్తుంది కదా, వెయ్యో నంబరు ఎవరికి దక్కుతుందన్నదాని మీద ఎంత చర్చ నడిచిందో చెప్పలేను. గొప్ప గొప్ప పేర్లన్నీ పందెంలోకి వచ్చాయి. 2019 అక్టోబరులో ఆ నంబరు వేసుకుని వచ్చింది జపాన్ రాకాసి బల్లి గాడ్జిల్లా. 1954 నుంచి 1975 దాకా వచ్చిన ఆ సినిమాలన్నీ ఒకే పెట్టెలో! పండితులంతా నోరు వెళ్లబెట్టారు.

"ముందే తెలిస్తే ఒరిగేదేంటి? వచ్చినప్పుడు తెలియదూ?" అంటుంది మా ఆవిడ. చాలా మంచి ప్రశ్న. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

చింతూరుకు డిస్కు రావడం కూడా చిన్న సంగతి కాదు. శబరి ఒడ్డున, మూడు రాష్ట్రాల మూలన ఉన్న ఊరు మాది. కాస్త ఎగువన సీలేరు వచ్చి శబరిలో కలిసే చోట ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. దిగువన కూనవరం దగ్గర శబరి గోదారిలో కలుస్తుంది. గోదారికి వరదొస్తే శబరి నీళ్లు వెనక్కి తన్ని మా రోడ్లు మునుగుతాయి. ఇక అడ్రసు సంగతి. ఊరు కదల్లేదు గాని ఖమ్మం జిల్లాలో ఉన్నవాళ్లం 2014లో తూర్పు గోదావరిలోకి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, 2025 చివర్లో పోలవరం జిల్లాలోకి వచ్చాం. పిన్ కోడ్ మాత్రం ఇప్పటికీ ఖమ్మం నాటి 507తోనే మొదలవుతుంది. పార్సిల్ పంపేవాడు పిన్ నమ్మాలో జిల్లా నమ్మాలో తెలియక ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ వానాకాలంలో కలవదు.

అందుకని నా డిస్కులు డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు సూట్‌కేసులో వస్తాయి. ఇటునుంచి ఆవకాయ, అటునుంచి అకిరా కురొసావా. బ్లూరే ధర దాదాపు 40 డాలర్లు, 4కే అయితే 50. సగం ధరకు అమ్మే రోజులు ఏటా ఉంటాయి కాబట్టి తమ్ముడు అప్పటిదాకా ఆగుతాడు. తీరా వచ్చాక ఇంకో చిక్కు. అమెరికా బ్లూరేకి 'ఏ' ముద్ర, మన దేశానికి 'సి' ముద్ర. అక్కడి డిస్కు మామూలుగా ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు. అన్ని ముద్రలూ మింగే ప్లేయర్ కావాలి. 4కే డిస్కులకు ఆ పట్టింపు లేదు, వాటికి కావలసిందల్లా కరెంటు. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం మా పక్కనే ఉందని ఎవరైనా గుర్తుచేస్తే నవ్వి ఊరుకుంటాం.

ఈ ఊహల జబ్బు నాకు అమెరికా నుంచి అంటింది కాదు. ఎనభైల చివర్లో పెళ్లికో జాతరకో చందాలు వేసుకుని టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చేవాళ్లు. రాత్రికి మూడు సినిమాలు. క్యాసెట్‌కు అట్ట ఉండదు. బాల్‌పెన్నుతో రాసిన పేరు చేతులు మారి మారి సగం చెరిగిపోయి ఉంటుంది. మొదట 'దొంగ', చివర 'డు' మిగిలితే అది నాగేశ్వరరావు 'దొంగరాముడు'నా, చిరంజీవి 'దొంగ మొగుడు'నా? 'అడవి' మాత్రమే మిగిలితే ఎన్టీఆర్ 'అడవి రాముడు'నా, చిరంజీవి 'అడవి దొంగ'నా? వీసీఆర్ తెచ్చినవాడు అడిగినా చెప్పడు. చెప్తే సగం మంది ఇంటికి పోతారు. తెర మీద కపిధ్వజం ఎగిరిందంటే విజయా వాళ్లది, బూరలూదే కవల పిల్లలు కనిపిస్తే జెమినీ వాళ్లది అని చిన్నపిల్లలం ఎగిరి గంతేసేవాళ్లం. 'అడవి రాముడు' వచ్చిన రాత్రి అసలైన అడవిలో కూర్చుని, ముదుమలైలో తీసిన అడవిని నోరు తెరుచుకుని చూశాం.

తర్వాత సీడీలొచ్చాయి. మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు దింపేసరికి సంతలో పట్టా పరిచి, చింతపండు పక్కన సినిమాలు అమ్మేవాళ్లు. ఏ వారం ఏ సినిమా వస్తుందో ఎవరికీ తెలియదు. అమ్మేవాడికే తెలియదు. ఆ కంపెనీ అప్పుల్లో మునిగి మూతపడింది. ఇప్పుడు సంతలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

నా ఊహ బాగా ఫలించే చోటు మన దేశపు సినిమాలు. సత్యజిత్ రాయ్ అపు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో మంటల్లో చిక్కాయి. మిగిలిన ముక్కలను అమెరికాలో ఆస్కార్ అకాడమీ వాళ్లు పారేయకుండా దాచారు. బొలోన్యాలో వాటికి ప్రాణం పోసి 2015లో డిస్కులుగా తెచ్చారు. ఉదయ్ శంకర్ తీసిన 'కల్పన' 2022లో వచ్చింది. 1948 నాటి ఆ నాట్య చిత్రాన్ని తీసింది మద్రాసు జెమినీ స్టూడియోలో. బూర ఊదే కవలలు అమెరికా దాకా వెళ్లారని మురిసిపోయాను.

2025 మేలో రాయ్ 'అరణ్యేర్ దిన్‌రాత్రి' కొత్త ప్రింటు కాన్స్‌లో వేశారు. షర్మిలా టాగోర్, సిమీ గరేవాల్ వెళ్లారు. అమెరికా దర్శకుడు వెస్ ఆండర్సన్ పరిచయం చేశాడు. బాగుచేయించడంలో జానస్, క్రైటీరియన్ చెయ్యి ఉంది. ఇంక ఊహించడానికేముంది? అయినా ఊహించి, గెలిచినట్టు ఊళ్లో చెప్పుకున్నాను. కలకత్తా కుర్రాళ్లు నలుగురు సెలవులకు అడవికి వెళ్లి, అక్కడ తమ గొప్ప చూపించబోయి బోర్లా పడే కథ అది. మా దారిలో మారేడుమిల్లి ఉంది. శని, ఆదివారాల్లో కార్లు ఆపి బొంగు చికెన్ తిని, అడవి అంతా తమకోసమే పెరిగినట్టు ఫొటోలు దిగేవాళ్లను చూసే మాకు ఆ సినిమా తెలియనిదేమీ కాదు. పాత డీవీడీ నాతోపాటు చూసిన కోయ మాష్టారొకరు, సంతాల్ పిల్లగా వేసిన సిమీ గరేవాల్‌ని చూసి, "మావాళ్లని చూపించాలంటే నల్లరంగు పూయాలా సార్?" అన్నారు. రాయ్‌ని వెనకేసుకు రాబోయి మానుకున్నాను. ఆ మాట డిస్కుతోపాటు వచ్చే ఏ వ్యాసంలోనైనా ఉంటే బాగుండు.

ఈ మధ్య ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించి విదేశీ పండగల్లో వేయించిన చిత్రాల్లో మలయాళం 'తంప్' ఉంది, మణిపురి 'ఇషానౌ' ఉంది, మా పొరుగు ఒడియాలో నీరద్ మహాపాత్ర తీసిన 'మాయా మిరిగ' ఉంది, కన్నడ 'ఘటశ్రాద్ధ' ఉంది. మరి తెలుగు సంగతేమిటని మాష్టారు అడిగారు.

తెలుగులో కూడా ఇలాంటి పందేల కాలం ఒకటి వచ్చింది. 2007లో హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ విజయా వాహినీ చిత్రాల్లో పద్నాలుగింటి నెగెటివ్ హక్కులు కొన్నది. 2010 జనవరి 30న 'మాయాబజార్' రంగుల్లో వచ్చింది. ఘటోత్కచుడి లడ్డూలు ఏ రంగులో ఉంటాయో అన్నది అప్పటి మా చర్చ. తర్వాత ఏది? 'మిస్సమ్మ' అన్నవాళ్లు, 'గుండమ్మ కథ' అన్నవాళ్లు జట్లుగా చీలారు. ఎవరూ గెలవలేదు. నిర్మాతలు హక్కులను టీవీ ఛానళ్లకు అమ్ముకుని నెగెటివ్‌ల మీద పట్టు పోగొట్టుకున్నారనీ, ఇక ముందుకు పోలేమనీ ఆ సంస్థ ఆగిపోయింది. పందెం కాసినవాళ్లం అలాగే ఉండిపోయాం.

మరీ పాతవాటి సంగతి ఇంకా కష్టం. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'కు ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. ఉన్నవాటిని చూపిస్తే మాత్రం జనం వస్తారు. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి 'దేవదాసు' నుంచి 'మనం' దాకా పది సినిమాలను దేశంలో 31 ఊళ్లలో వేశారు. 2025 నవంబరు 14న 'శివ' కొత్త శబ్దంతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. దాన్ని తీసిన అన్నపూర్ణ వాళ్లు తమ రీళ్లు తమ దగ్గర పెట్టుకున్నారు కాబట్టి వచ్చింది.

అప్పుడు అర్థమైంది, క్రైటీరియన్ వాళ్ల బొమ్మలో నాకు నచ్చేదేమిటో. ఒక సినిమాను దాచిపెట్టి ఊహించమనాలంటే ముందు ఆ సినిమా వాళ్ల దగ్గర ఉండాలి. మన దగ్గర ఊహించేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. లేనిది పెట్టె తాళం చేతిలో ఉన్నవాడు. మా ఆవిడ ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే దొరికింది. పిట్ట బొమ్మ ఒకటి చూపిస్తే, అదేదో తేల్చేలోపు నేను చూసిన సినిమాలన్నిట్లో ఉన్న పిట్టలన్నీ ఒకసారి కళ్లముందు ఎగురుతాయి. చివరికి వచ్చే డిస్కు ఒకటే. దానికోసం మళ్లీ గుర్తొచ్చినవి వంద. ఈ మాట చెప్తే, "వందా గుర్తున్నాయి గాని, గ్యాస్ బుక్ చెయ్యమన్నది గుర్తులేదు" అంది.

ఎవరూ మనకోసం గీయకపోతే మనమే గీసుకుందామని మాష్టారూ నేనూ అనుకున్నాం. సెల్ రీచార్జి దుకాణం తమ్ముడు ఇచ్చిన బిల్లు పుస్తకం వెనక మొదలైంది ఆట. వెళ్లిపోతున్న బస్సు వెనక చెయ్యెత్తి నిలబడ్డ అమ్మను గీశాను. భద్రాచలం బస్సు తప్పిపోయిన అనుభవం ఊరందరికీ ఉంది కాబట్టి 'మిస్సమ్మ' అని క్షణంలో చెప్పేశారు. గుండు మీద 'అమ్మ' అని రాస్తే 'గుండమ్మ కథ' అనడానికి అదీ పట్టలేదు. గులాబీ పక్కన మూసిన నోరు గీస్తే కాసేపు తన్నుకున్నారు. మాటల్లేని సింగీతం సినిమా 'పుష్పక విమానం' అని ఐటీడీఏలో పనిచేసే అన్న ఒకాయన పట్టేశారు. మాష్టారు గీసింది ఒక్క పాము. దానికి మేం 'నాగదేవత' నుంచి 'నోము' దాకా పాములున్న సినిమాలన్నీ వల్లించాం. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. ఆఖరికి ఓడిపోయామన్నాక చెప్పారు: శివుడి మెడలో నగ ఏమిటి? 'శంకరాభరణం'! ఇంత అన్యాయమైన బొమ్మ గీసినవాడికి న్యూయార్క్‌లో ఉద్యోగం ఇవ్వాలని అందరం తీర్మానించాం.

పోయిన వారం ఆయన ఇంకోటి గీసిచ్చారు. ఇంకెవరూ విప్పలేదు, నేను విప్పాను గాని చెప్పను. వాగు ఒడ్డున బండ మీద ఆరేసిన చీర. చీర అంచున వాలిన చిలుక. పర్ణశాల చూసినవాళ్లకు సులువు. చూడనివాళ్లకు ఇంకో ఆధారం ఇస్తాను: 1981, దర్శకుడు భారతీరాజా. ఇక మీ వంతు.