మత్తుగాలి అంటే నాకెందుకు భయమంటే...

ఎప్పుడూ పచ్చళ్ళూ పొడులేనా, ఈసారి ఒక కాన్పు సంగతి మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. మా పుట్టిల్లు జగిత్యాల, నన్నిచ్చింది కోరుట్ల. మా పెద్దమ్మాయిని సిరిసిల్లలో సాంచాలు నడిపే ఇంటికి ఇచ్చాం. పోయిన ఏడాది దానికి తొలిసూరు.

ఏడో నెల నుంచీ ఒకటే పాట. "అమ్మా, నొప్పులు నాతోని కావు. కోసి తియ్యమను." దాన్ని ఒక్కదాన్నే ఏమనాలి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు పెద్దాపరేషన్లేనని తేలింది. రాష్ట్రాలన్నిట్లో మనమే ముందు! ముహూర్తం పెట్టించుకునేవాళ్ళు కొందరైతే, నొప్పులకు భయపడేవాళ్ళు కొందరు.

కరీంనగర్‌లో మేం చూపించుకున్న డాక్టరమ్మ, "అంతా బాగుంటే కోత ఎందుకమ్మా? నొప్పి తగ్గేందుకు పీల్చే గ్యాసు ఉంది" అంది. మా పిల్ల ముఖం వెలిగింది. నా చేతులు చల్లబడ్డాయి.

ఎందుకంటే మా మేనత్త ఒకామె కాన్పులోనే పోయింది. నేను పుట్టకముందు సంగతి. "మత్తు పీల్పిచ్చిన్రు బిడ్డా, మల్ల కండ్లు తెరువలె. గుండె ఆగింది" అని మా నాయనమ్మ చెప్పి ఏడ్చేది. ఏ మందు ఇచ్చారో, అసలు దానివల్లే పోయిందో, చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మత్తుగాలి అంటే మాత్రం మా ఇంట్లో చావు కింద లెక్క.

సిగ్గు విడిచి డాక్టరమ్మకు ఇదంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పింది. ఆ రోజుల్లో మత్తు అంటే క్లోరోఫాం అయి ఉండొచ్చట. 1847లో స్కాట్లండ్‌లో సింప్సన్ అనే డాక్టరు కాన్పులకు మొదలుపెట్టాడు, 1853లో విక్టోరియా రాణి కూడా పీల్చింది. అది గుండెను ఆపుతుందా, ఊపిరినా అన్న తగాదా మన హైదరాబాద్‌దాకా వచ్చిందంటే నమ్ముతారా! 1888, 1889లలో ఆరో నిజాం ఖర్చుతో లారీ అనే రెసిడెన్సీ సర్జన్ జంతువుల మీద పరీక్షలు చేయించి, ముందు ఆగేది ఊపిరే, గుండెకు భయం లేదని తేల్చాడు. అక్కడే వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెబుతారు. కానీ లారీ చెప్పింది పూర్తి నిజం కాదు. 1911లో ఇంగ్లండ్‌లో లెవీ అనే ఆయన క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని చూపించాడు. మా నాయనమ్మ ఏడుపులో అబద్ధం లేకపోవచ్చు.

ఈ గ్యాసు అది కాదు. నైట్రస్ ఆక్సైడ్, నవ్వులగాలి అంటారు. 1881లో రష్యాలో క్లికోవిచ్ దీన్ని కాన్పుల్లో వాడాడు. సగం ఇదీ, సగం ఆక్సిజనూ ఒకే సిలిండర్లో కలిపే పద్ధతి 1961లో టన్‌స్టాల్ తెచ్చాడు. అదే ఎంటొనాక్స్.

"మరి గుండెకు?" అని మళ్ళీ అడిగాను. నా పట్టు నాది. నొప్పి వచ్చినప్పుడల్లా గర్భసంచి గట్టిపడి, దాంట్లోని రక్తం 300 నుంచి 500 మిల్లీలీటర్లు తల్లి ఒంట్లోకి తోస్తుందట. గుండె మామూలుకంటే చాలా ఎక్కువ పని చేయాలి. దానికి తోడు భయపడి ఎగశ్వాస పెడితే దడ, బీపీ పెరుగుతాయి, గర్భసంచి రక్తనాళాలు ముడుచుకుని బిడ్డకు అందే రక్తం తగ్గొచ్చు. ఈ గ్యాసుతో బీపీ, నాడి పెద్దగా మారవట. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్‌కైతే బీపీ పడిపోవచ్చు, అందుకే సెలైన్ పెట్టి కనిపెట్టుకుని ఉంటారు. దీనికీ జాగ్రత్తలున్నాయి. బి12 బాగా తక్కువైనవాళ్ళు ముందే చెప్పాలి. కొందరికి వాంతి, కళ్ళు తిరగడం ఉంటాయి. ఇక వెల్లకిలా పడుకుంటే గ్యాసు ఉన్నా లేకున్నా కడుపు బరువుకి పెద్ద సిర నొక్కుకుని బీపీ పడుతుంది, ఎడమ పక్కకు తిరగమంది.

నొప్పులు మొదలైనాక చూడాలి నా సంగతి! నొప్పి అప్పుడే తగలగానే పిల్లే మాస్కు పెట్టుకుని పీల్చాలి. పనిచేయడానికి అర నిముషం పైనే పడుతుంది కాబట్టి నొప్పి ముదిరాక పీలిస్తే లాభం లేదు. నొప్పి పోగానే తీసేయాలి. మూడోసారికి దాని చెయ్యి జారింది. అయ్యో అలిసిపోయిందని నేనే మాస్కు తీసి ముక్కుకు అదిమి పట్టాను. సిస్టరమ్మ ఒక్క అరుపు అరిచింది. "అమ్మా, వదులు! మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే పడాలె. నువ్వు పడితే ఆ కాపలా పోయినట్టే!" నా ఒళ్ళంతా చెమటలు. ఇన్నాళ్ళూ గ్యాసుకు భయపడి, చివరికి ప్రమాదం నా చేత్తోనే చేయబోయాను. తర్వాత దాని నడుం రుద్దుతూ నిలబడ్డానంతే.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు కొంచెం తక్కువ.

ఇరవై ఒకటో రోజున కోరుట్లలో మా వాడకట్టు బీడీల ఆడవాళ్ళంతా చాటలు పక్కన పెట్టి వచ్చారు. "అసలు నొప్పే లేకుండెనా బిడ్డా?" అని అడిగింది ఒకామె. మా పిల్ల నవ్వింది. "ఎందుకు లేదు పెద్దమ్మా, ఉండె. కానీ ఎవలకో వస్తున్నట్టుండె, నేను పక్కన కూసొని చూస్తున్నట్టుండె."