గోళం ముందు, విమానం తర్వాత

జులై 8, 2024, సోమవారం, హైదరాబాద్

ఎం.టెక్. పిల్లలకు ప్రాజెక్టు ఖాయం చేశాను. రాడార్ తరంగం ఒక వస్తువు మీద పడితే అందులో ఎంత వెనక్కి వస్తుందో లెక్కగట్టే కోడ్ సొంతంగా రాయాలి. యుద్ధవిమానం మోడల్ తీసుకుంటామని ఉత్సాహపడ్డారు. నేను లోహపు గోళం ఇచ్చేసరికి ముఖాలు చిన్నబోయాయి.

గోళానికి అసలైన జవాబు ఉంది. గోళం మీద పడిన తరంగం ఏ దిక్కుకు ఎంత చెదురుతుందో గుస్తావ్ మీ 1908లోనే శ్రేణి రూపంలో పూర్తిగా రాసిపెట్టాడు. ఇలా నిక్కచ్చి పరిష్కారం దొరికే ఆకారాలు చాలా కొద్ది. విమానానికి ఏ సూత్రమూ లేదు. అక్కడ కోడ్ చెప్పిందే వినాలి. ఆ కోడ్ మాట నమ్మదగిందో కాదో తేలేది గోళం దగ్గరే.

జులై 11, గురువారం

ఈ రోజు క్లాసులో రాడార్ క్రాస్ సెక్షన్, అంటే ఆర్‌సీఎస్. దాన్ని చదరపు మీటర్లలో చెబుతారు కాబట్టి వస్తువు సైజే అనుకుంటారు పిల్లలు. ఆ అపోహ పోవడానికి బోర్డు మీద రెండు లెక్కలు చేయించాను.

ఎదురుగా చూస్తే ఒక చదరపు మీటరు కనిపించే లోహపు గోళం. 10 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, దాని ఆర్‌సీఎస్ ఇంచుమించు 1 చదరపు మీటరు. అదే వైశాల్యమున్న చదరపు రేకును రాడార్‌కు సరిగ్గా ఎదురుగా నిలబెడితే సుమారు 14,000 చదరపు మీటర్లు! ఆ రేకును ఒక్క డిగ్రీ కూడా తిప్పకముందే తిరుగు తరంగం దాదాపు సున్నాకు పడిపోతుంది. అద్దంతో ఎండను ఒకరి కంట్లోకి కొట్టడం లాంటిదే ఇది. చెయ్యి కాస్త కదిలితే వెలుగు పక్కకు పోతుంది.

వెనక బెంచీ అబ్బాయి అడిగాడు: "మేడమ్, ఆర్‌సీఎస్‌ని పదో వంతుకు తగ్గిస్తే రాడార్‌కు కనిపించే దూరమూ పదో వంతే అవుతుందా?" కాదు. దూరం ఆర్‌సీఎస్ నాలుగో మూలాన్ని బట్టి మారుతుంది. దూరం సగం కావాలంటే ఆర్‌సీఎస్ 16వ వంతుకు రావాలి, పదో వంతు కావాలంటే పదివేలో వంతుకు రావాలి. అందుకే అంత చిన్న తిరుగు తరంగాలను కూడా సరిగ్గా లెక్కగట్టాలి. మన పద్ధతులకు కష్టమైన పని కూడా అదే.

జులై 14, ఆదివారం

ఇంట్లో కూర్చుని ఫిజికల్ ఆప్టిక్స్ పాఠం రాసుకున్నాను. ఈ పద్ధతి చాలా వేగం. తరంగం నేరుగా పడే భాగంలో ఉపరితల విద్యుత్ ప్రవాహం ఎంతో ఒక్క సూత్రంతో తేల్చేస్తుంది, నీడలో ఉన్న భాగంలో ప్రవాహం సున్నా అంటుంది. పెద్ద చదునైన రేకు ఎదురుగా ఉంటే జవాబు బ్రహ్మాండంగా వస్తుంది. రేకును బాగా తిప్పి అంచు వైపు నుంచి చూస్తే తప్పుతుంది, ఎందుకంటే అంచుల దగ్గర జరిగే వివర్తనం ఆ సూత్రంలో లేదు.

ఆ లోటు పూడ్చినవాడు సోవియట్ శాస్త్రవేత్త ప్యోత్ర్ ఉఫిమ్త్సెవ్. అంచుల దగ్గర పుట్టే అదనపు ప్రవాహాన్ని విడిగా లెక్కగట్టి కలిపే సిద్ధాంతాన్ని 1962లో రష్యన్‌లో పుస్తకంగా తెచ్చాడు. అమెరికా వైమానిక దళం 1971లో దాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదింపజేసింది. లాక్‌హీడ్ సంస్థలో డెనిస్ ఓవర్‌హోల్సర్ దాని విలువ గుర్తించి, పలకల్ని ఒక్కొక్కటిగా లెక్కగట్టి కూడే ప్రోగ్రాం రాయించాడు. రాడార్‌కు చిక్కకుండా చేసిన విమానాలు 1977లో హ్యావ్ బ్లూ, 1981లో ఎఫ్-117 ఎగిరాయి. వంపుల్ని లెక్కగట్టే స్తోమత అప్పటి ప్రోగ్రాంకు లేదు. అందుకే ఆ విమానాలు కోసిన వజ్రంలా పలకలు పలకలుగా ఉన్నాయి. లెక్క ఎంతవరకు చేతనైతే విమానం ఆకారం అంతవరకే వచ్చింది. ఇది తలచుకున్నప్పుడల్లా నా పాఠం మీద గౌరవం పెరుగుతుంది.

జులై 19, శుక్రవారం

మెథడ్ ఆఫ్ మూమెంట్స్ మొదలుపెట్టాం. రోజర్ హారింగ్టన్ 1968 పుస్తకంతో ఈ పద్ధతి ఇంజనీర్ల చేతికొచ్చింది. ఇందులో ప్రవాహం ఎంతో ముందే అనుకోం. ఉపరితలాన్ని చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్క మిగతా అన్ని ముక్కల మీద చూపే ప్రభావాన్ని మాట్రిక్స్‌లో పెట్టి, ప్రవాహాన్నే తెలియని రాశిగా సాధిస్తాం.

ఏ ఆకారపు ఉపరితలాన్నైనా త్రిభుజాల వలతో, అంటే మెష్‌తో, కప్పి ప్రవాహాన్ని ఎలా రాయాలో చూపినది 1982 నాటి రావు, విల్టన్, గ్లిసన్ పత్రం. రెండేసి త్రిభుజాలు కలిసే ప్రతి అంచుకూ ఒక తెలియని రాశి ఉంటుంది. ఆ అంచు దాటే ప్రవాహం తెగిపోదు, అక్కడ ఆవేశం కుప్పపడదు. ప్రపంచమంతా ఆర్‌డబ్ల్యూజీ అని పిలిచే ఈ ప్రమేయాల్లో మొదటి అక్షరం సదాశివ రావుది. ఆయన ఉస్మానియాలో ఇంజనీరింగ్, బెంగళూరు ఐఐఎస్సీలో పీజీ, మిసిసిపీ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. ఇది చెప్పగానే క్లాసులో కొందరు నిటారుగా కూర్చున్నారు. ఈ ఊళ్లో చదివిన మనిషి పేరు ఈ శాస్త్రానికి పునాదిలో ఉందని వాళ్లకు తెలియాలి.

ఇక ఖర్చు సంగతి. త్రిభుజం అంచు తరంగదైర్ఘ్యంలో పదో వంతు ఉండాలి, అంటే 10 గిగాహెర్ట్జ్ దగ్గర 3 మిల్లీమీటర్లు. ఒక మీటరు చదరపు రేకుకే సుమారు 3.3 లక్షల తెలియని రాశులు, మాట్రిక్స్‌లో 11,000 కోట్ల సంఖ్యలు, సుమారు 1.8 టెరాబైట్ల మెమొరీ. పౌనఃపున్యం రెట్టింపు చేస్తే మెమొరీ 16 రెట్లు, నేరుగా సాధించే సమయం 64 రెట్లు పెరుగుతాయి. ఈ గోడను దాటించినది ఫాస్ట్ మల్టీపోల్ పద్ధతి. గ్రీన్‌గార్డ్, రోక్లిన్ 1987లో కణాల కోసం కనిపెట్టిన ఆలోచనను రోక్లిన్ తరంగాలకు మళ్లించాడు. 1990లలో ఇల్లినాయ్‌లో చ్యూ బృందం దాన్ని అంచెలంచెలుగా పెంచింది. దూరంగా ఉన్న ముక్కల్ని గుంపుగా లెక్కలోకి తీసుకోవడమే అందులోని కిటుకు.

జులై 23, మంగళవారం

ఒకమ్మాయి గోళం గ్రాఫు తెచ్చింది. అంతా గుస్తావ్ మీ వక్రరేఖ మీదే ఉంది, ఒక్కచోట మాత్రం ముల్లులా పైకి లేచింది. "మెష్ ఇంకా సన్నం చేయనా మేడమ్?" అంది. గోళం వ్యాసార్ధాన్ని తరంగసంఖ్యతో గుణిస్తే 2.74 వచ్చే చోట ఆ ముల్లు ఉంది. లోపల బోలుగా ఉన్న గోళాకార గది మొదటిసారి అనునాదించేది అక్కడే. ఆమె కోడ్ సాధించే విద్యుత్ క్షేత్ర సమీకరణం ఉపరితలాన్నే చూస్తుంది, లోపలి అనునాదాన్ని బయటి సమస్య నుంచి విడదీయలేదు. మాట్రిక్స్ కుప్పకూలే స్థితికి వస్తుంది. మెష్ ఎంత సన్నం చేసినా ఆ ముల్లు మూలం పోదు. అయస్కాంత క్షేత్ర సమీకరణాన్ని తగిన పాళ్లలో కలిపితే పోతుంది. సాయంత్రానికి కలిపి తెచ్చింది, వక్రరేఖ నున్నగా ఉంది.

విమానం మోడల్ మీదైతే ఆ ముల్లును నిజమైన ప్రతిధ్వని అనుకునేవాళ్లం. గోళం కాబట్టి పట్టుబడింది.

జులై 27, శనివారం

పొద్దుట్నుంచీ వాన. ఈ లెక్కలు యుద్ధానికేనా అని ఇంట్లో అడిగారు. మచిలీపట్నం వాతావరణ రాడార్ గురించి చెప్పాను. దాని తరంగదైర్ఘ్యం ఇంచుమించు 10 సెంటీమీటర్లు, చినుకు దాని ముందు అణువంత. అలాంటప్పుడు తిరుగు తరంగం చినుకు వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 4 మిల్లీమీటర్ల చినుకులో ఉండేది 2 మిల్లీమీటర్ల చినుకులు ఎనిమిదింటి నీళ్లే, ప్రతిధ్వని మాత్రం అరవై నాలుగింటిది. ఎంత వాన కురిసిందో చెప్పాలంటే చినుకుల సైజులు కూడా తెలియాలి. పెద్ద వడగళ్లకు ఈ సూత్రం చాలదు, గుస్తావ్ మీ పూర్తి శ్రేణి లెక్క కావాలి. చదునుబడ్డ చినుకులకు వాటర్‌మన్ 1965లో ఇచ్చిన టి-మాట్రిక్స్ పద్ధతి ఉంది. తుపాను హెచ్చరిక వెనకా ఇదే పాఠం ఉంది.

జులై 30, మంగళవారం

గోళం దాటినవాళ్లకు నాసా బాదం ఇచ్చాను. సుమారు 25 సెంటీమీటర్ల బాదంపప్పు ఆకారపు లోహపు వస్తువు అది. దాని ఆర్‌సీఎస్ కొలతలు 1993లోనే ప్రచురితమయ్యాయి. మొన వైపు నుంచి ప్రతిధ్వని అతి స్వల్పం కాబట్టి కోడ్ సత్తా అక్కడే తేలుతుంది. అదీ దాటాకే విమానం.

ప్రతి పద్ధతీ ప్రకృతిలో ఏదో ఒకటి వదిలేసి లెక్క మొదలుపెడుతుంది. ఫిజికల్ ఆప్టిక్స్ అంచుల్నీ నీడనూ వదిలేస్తుంది, త్రిభుజాల మెష్ నున్నటి వంపును వదిలేస్తుంది. వదలడం తప్పు కాదు, అది చెప్పకపోవడం తప్పు. అందుకే నా విద్యార్థులందరికీ ఒకటే మాట: మీ గ్రాఫు కింద ఏ పద్ధతి వాడారో, అందులో ఏం వదిలేశారో, గోళం మీద ఎంత తేడా వచ్చిందో రాయండి. ఆ మూడూ లేని గ్రాఫును ఎవరు చూపించినా నమ్మకండి, నేను చూపించినా సరే.