కామవరపుకోట మెట్టలో గెల కోసే చేయి

పట్నవాసులు పల్లెలలో భూములు కొని పెట్టుబడి పెట్టే వాడుక ఈమధ్య ప్రబలినది గదా, ఆ పల్లెలలో లాభపడుతున్నది ఎవరో, నివసిస్తున్నది ఎవరో స్వయంగా చూచి వ్రాయవలసినదని ఒక సంపాదకులు నన్ను కోరినప్పుడు, మా బాబాయిగారి తోట ఉన్న కామవరపుకోటకే వెళ్ళదలచుకొన్నాను. ఏలూరు విడిచి ఉత్తరముఖంగా సాగినకొద్దీ కొల్లేటి పల్లమూ, చేపల చెరువులూ వెనుకబడి, శాలంకాయనుల నాటి వేంగిని మట్టిక్రింద దాచుకొన్న పెదవేగి దాటిన పిమ్మట, నేల మెల్లగా మెరకయెక్కి ఎఱ్ఱబారుతుంది. ఒకప్పుడు జొన్న, వేరుశనగ, పొగాకు, నిమ్మ పండిన ఆ నేలలో ఇప్పుడు త్రోవకు ఇరువైపులా కనుచూపు మేర పామాయిల్ తోటలే.

జీలకఱ్ఱగూడెం కొండమీది గుంటుపల్లి గుహలు చూపించవలెనని బాబాయిగారు ఉబలాటపడినారు. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దం నాడు, కొయ్యవాసాల కప్పును రాతిలో యథాతథంగా మలచిన ఆ అజ్ఞాత శిల్పికి నమస్కరించి వచ్చినానేగాని, నా మనస్సంతా ఆ ఉదయం తోటలో చూచిన మరొక చేతిమీదనే నిలిచిపోయినది.

అది గెలలు కోసే కూలీ చేయి. ఏబదియేళ్ళు పైబడిన ఆ మనిషి, పొడవాటి గెడ చివర కొడవలి బిగించుకొని చెట్టు మొదటికి వచ్చి, నేను అనుకొన్నట్లు తల పైకెత్తక, ముందుగా నేలను పరికించినాడు. పాదులో అయిదారు కాయలు రాలి ఉన్నవి. ఒక కాయను తీసి బొటనవ్రేలి గోటితో నొక్కగా నారింజవన్నె నూనె చిప్పిల్లినది. అటుపిమ్మటనే గెడ పైకి లేచినది. గెలను మోస్తున్న మట్టను మొదట కోసి దింపి, చోటు చేసుకొని, తొడిమకు కొడవలి తగిలించి, శరీరభారమంతా వెనుకకు వేసి ఒక్క లాగు లాగి, తటాలున ప్రక్కకు తప్పుకొన్నాడు. ఇరవై కిలోలకు తక్కువగాని గెల ధబ్బున పడినది, దానినిండా ముళ్ళు. ఆయన అరచేతులు ఆ ముళ్ళకు గట్టిపడి, గోళ్ళ మొదళ్ళలో పసుపు నిలిచిపోయి ఉన్నవి. రాలిన కాయలన్నీ ఓపికగా గోనెసంచిలోకి ఏరుతుంటే, అవి వదిలివేస్తే ఏమని అడిగినాను.

"రాలిన కాయలోనేనండీ నూనె ఎక్కువుండేది. కింద చూసి కోసినోడికే పైన ఏది పండిందో తెలుస్తుంది. పచ్చిది కోస్తే మిల్లుకి నూనె రాదు, ముగ్గిపోయింది కోస్తే కాయంతా రాలిపోయి రైతుకి తూకం పోతుంది. మాకిచ్చేది మాత్రం టన్నుకేనండి. తొందరగా కోసినోడికే కూలి గిట్టుద్ది."

ఈ మాటలలో నాకు ఆ వ్యవసాయపు అన్యాయమంతా గోచరించినది. కోసిన గెల ఒక్క దినం లోపల మిల్లుకు చేరకపోతే నూనెలో ఆమ్లగుణం పెరిగి నాణ్యత చెడుతుందని అందరెరిగినదే. ఎన్ని ఎరువులు వేసినా, ఎన్ని బిందుసేద్యపు గొట్టాలు పరచినా, పది పన్నెండు దినాలకొకమారు చెట్టుచెట్టు దగ్గరా నిలిచి, కోయవలెనా ఆగవలెనా అని నిర్ణయించే కంటి మీదనే నూనె పాలు ఆధారపడి ఉన్నది. ఆ కంటికి విలువ కట్టినవారు లేరు, ఆ చేతికి శిక్షణ ఇచ్చినవారు లేరు, మెడ పట్టినప్పుడు మందు ఇప్పించేవారు లేరు. ఎకరానికి 57 చెట్లు, ముప్పది ఏళ్ళ ఆదాయం, మనుషులతో పనిలేని పంట అని చెప్పి తోటలు అమ్మే దళారుల లెక్కలో ఈయన ఎక్కడా కనిపించడు.

ఆనుకొని ఉన్న తోట అటువంటి నగరవాసిదే. యజమాని హైదరాబాదులో ఉంటాడు. స్తంభానికి కెమెరా పెట్టించినాడు, మోటారు ఫోనుతో నడుపుతాడు. కోతవాళ్ళు సమయానికి కుదరక గెలలు చెట్టుమీదనే ముగ్గిపోయి, పాదులనిండా కాయలు కుళ్ళుతున్నవి. కెమెరాలో ఆ కాయలు కనిపిస్తూనే ఉండవచ్చు. వాటిని చూచి ఏమి చేయవలెనో తెలియుటకు ఆ ఊళ్ళో బ్రతకవలెను.

కాటా దగ్గర గెలల ట్రాక్టరు వెంట నిలిచిన ఒక రైతు ఎవరితోనో విసుగుతో అంటున్నాడు: "రేటు ఇక్కడెవరూ కట్టరండి. ఎక్కడో కడతారు, నెలకోసారి మనకి చెబుతారు." ఆ మాట అక్షరాలా నిజం. 1993 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఒక్కొక్క ప్రాంతం ఒక్కొక్క మిల్లుకు కేటాయింపబడి ఉన్నందున, రైతు ఆ మిల్లుకే తోలవలెను. గెల ధర ముడినూనె ధరనుబట్టి, అది ప్రపంచపు అంగడినిబట్టి మారుతుంది. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా ఎగుమతులు నిషేధించగా ఇక్కడ టన్ను గెలల ధర 20,000 రూపాయలు దాటినది. మే 23న ఆ నిషేధం తొలగినది, సంవత్సరం గడవకముందే ధర బాగా పతనమైనది. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం ముడి పామాయిల్‌పై మూల దిగుమతి సుంకాన్ని సున్న నుండి 20 శాతానికి పెంచినది, 2025 మే చివర మరల 10 శాతానికి దించినది. జకార్తాలో ఒక సంతకం, ఢిల్లీలో ఒక సంతకం. వాటి ఫలం మాత్రం ఈ కాటా దగ్గర.

జావాతో ఈ చెట్టుకున్న బంధుత్వం నేటిది కాదు. పశ్చిమాఫ్రికాలో పుట్టిన ఈ వృక్షాన్ని డచ్చివారు 1848లో జావాలోని బోగోరు ఉద్యానవనంలో నాటినారు, నాలుగే మొక్కలు. వాటి సంతతి సుమత్రాలోని దేలీ సీమకు చేరి, తరువాతి కాలపు ఆసియా తోటలకు మూలమైనది. అయితే చెట్టు వెళ్ళిన చోటికి మనిషిని కూడ తోలుకొని పోయినారని మరువరాదు. 1830 మొదలుకొని జావా పల్లెలపై, భూమిలో అయిదవ వంతు నీలికో చెరకుకో ఇయ్యవలెనని నిర్బంధం విధించిన ఆ ప్రభువుల హయాములోనే, వరిపొలాల మధ్య ఇరుగుపొరుగుల సాయంతో బ్రతికిన రైతుబిడ్డలు ఒప్పందపు కూలీలై దేలీ తోటలకు తరలిపోయినారు. ఆ కూలీకి భూమితో సంబంధం తెగినది. చేతిలో కత్తి మాత్రం మిగిలినది. మా గెల కోసే ఆయన చరిత్ర విన్నప్పుడు నాకు జావా రైతు గుర్తుకు వచ్చుటకు కారణమిదే.

ఆయన పూర్వం కౌలు రైతు. నాలుగు ఎకరాల కౌలు చేలో మొక్కజొన్నా, వేరుశనగా వేసి, ఇంటికి కందులు పండించుకొనేవాడు. భూస్వామి ఆ నేలలో పామాయిల్ నాటగానే కౌలు పోయినది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి గుర్తింపు ఇస్తుంది. ముప్పది ఏళ్ళు నిలిచే చెట్టుకు పదకొండు నెలల కౌలేమిటి? పామాయిల్ దండుగ పంట అని నేననను. మెట్టరైతును అప్పులనుండి గట్టెక్కించినది అదే. అంతరపంటగా కోకో వచ్చి కొంత ఆసరా అయినది. కాని వేసవిలో చెట్టు ఒక్కింటికి దినానికి రెండువందల లీటర్లు దాటి నీరు కోరే పంటను, బోరు తప్ప వేరు దిక్కులేని నేలమీద ఇంత విస్తారంగా వేసినప్పుడు, ఆ నీటిలో ఊరి భాగమెంత, కౌలు పోయినవాని భాగమెంత అని అడిగే బాధ్యత ఎవరికో ఒకరికి ఉండవద్దా? 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ విస్తరణకు పథకం ప్రకటించినది. పెదవేగిలో 1995 నుండి పరిశోధనా సంస్థ ఉన్నది. చెట్టును గురించి అంత విచారించిన మన దేశం, కోతగానికొక పనితనపు గుర్తింపు, పడిపోతే ఒక బీమా, పండిన గెల ఏరికోసినందుకు అదనపు కూలి ఏర్పరచలేకపోవుటను నేను క్షమింపలేకున్నాను.

బాబాయిగారి తోటలోని చెట్లు 1990 దశకం నాటివి. గెడ అందనంత ఎత్తు పెరిగినవి. వాటిని తీసివేసి మరల నాటవలసిన తరుణం వచ్చినది. ఆ ఈడు తోటలున్న పరస్థలులు కొందరు, కొత్త మొక్క కాపుకు వచ్చుటకు మూడు నాలుగేళ్ళు ఎవరు ఆగగలరని, ప్లాట్లు వేసి అమ్మజూస్తున్నారట. బాబాయిగారు మాత్రం నాటుటకే నిశ్చయించినారు. లేతమొక్కల నీడ పరచుకొనే వరకు వరుసల మధ్య నేల ఖాళీయే గనుక, ఆ మూడేళ్ళూ శిస్తు లేకుండ దున్నుకొమ్మని ఆ కోతగానికే మాట ఇచ్చినారు. కాగితం కూడ వ్రాయమని నేను పట్టుబట్టినాను. "వ్రాస్తానులే అబ్బాయ్" అన్నారు బాబాయిగారు. తొలకరికి ముందు కందులా, వేరుశనగా అన్నదానిమీద వారిద్దరూ నేను బయలుదేరేవరకు వాదించుకొంటూనే ఉన్నారు.