రాయబారం డిస్కులు

3 నవంబరు 2024, ఆదివారం. తెనాలి

పెద్దమ్మ బీరువాలోంచి రెండు డీవీడీలు తీసి చేతిలో పెట్టింది. 2007 శివరాత్రి జాగరణకి మా పెదనాన్న కృష్ణుడిగా వేసిన రాయబారం. పెళ్ళిళ్ళు తీసే స్టూడియో వాళ్ళే ఆ రాత్రి నాటకం కూడా కవర్ చేశారు. అసలు టేపు దొరికే ఆశ లేదు. అప్పట్లో మినీ డీవీ టేపుని చెరిపి మళ్ళీ ఇంకో పెళ్ళికి వాడుకునేవాళ్ళు. పెదనాన్న వేషంలో నిలబడి రాగం తీయడం ఇక ఈ రెండిట్లోనే ఉంది.

టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి అక్క అడుగుతోంది: పద్యాలు మాత్రం విడివిడిగా కావాలట. వాళ్ళబ్బాయి హార్మోనియం నేర్చుకుంటున్నాడు, తాతయ్య ఎలా పాడేవారో వినాలంటున్నాడు. మధ్యలో శాలువాలు, చందాలిచ్చిన వారి పేర్లు చదవడం, కరెంటు పోయినప్పటి చీకటి, ఇవన్నీ తీసేయాలి. బొమ్మ మాత్రం ఉన్నదున్నట్టు ఉండాలి. ఆ చివరి షరతు అక్కది కాదు, నాది.

సాయంత్రం స్టూడియోకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "దాందేముందండీ, మిక్సింగ్‌లో వేసి కట్ చేసి ఎంపీ4 ఇచ్చేస్తాం, క్లారిటీ కూడా పెంచుతాం" అన్నాడు. అలా మార్చిన వేరే పెళ్ళి డిస్కు ఒకటి చూపించాడు. తలంబ్రాలు పోసుకుంటున్నారు. బియ్యపు గింజలు గాల్లోకి లేచిన ప్రతిసారీ తెరంతా గళ్ళు పడుతున్నాయి. పెళ్ళికూతురి ముఖం మీద చమటా లేదు, కల్యాణ తిలకం అంచూ లేదు, అంతా ఒకే నునుపు. డిస్కులు తిరిగి తెచ్చేసుకున్నాను. నేనే చేస్తాను.

5 నవంబరు, మంగళవారం

కోత సంగతి తర్వాత, ముందు డిస్కులో ఉన్నది బయటికి రావాలి. రాసే డీవీడీల్లో సమాచారం ఉండేది ఒక రంగుపొరలో. ఎండకీ వేడికీ ఆ పొర చెడుతుంది. పదిహేడేళ్ళు చీరల కింద చీకట్లో ఉండడమే వీటికి మేలు చేసింది.

మొదటి డిస్కు సాఫీగా వచ్చింది. రెండోది చివర్లో మొరాయించింది. డీవీడీ లోపలి అంచు నుంచి బయటికి రాసుకుంటూ పోతుంది కాబట్టి నాటకం ముగింపు బయటి అంచులో ఉంది. గీతలు పడ్డదీ అక్కడే. మామూలుగా కాపీ చేస్తే చెడ్డ చోటు రాగానే ఆగిపోతుంది. అందుకని లినక్స్‌లో డీడీరెస్క్యూ పెట్టాను. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా చదివేసుకుని, చదవలేకపోయిన చోట్లని ఒక మ్యాప్ ఫైలులో రాసుకుని, తర్వాత వాటి దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఒక్కో సెక్టారు 2048 బైట్లు. ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదవడం మామూలే. ఆఫీసులో మూలపడి ఉన్న పాత డెస్క్‌టాప్ డ్రైవు అడిగి తెచ్చి, అదే మ్యాప్ ఫైలుతో మిగిలిన చోట్లు చదివించాను. చాలావరకు వచ్చేశాయి. కొద్ది సెక్టార్లు ఏం చేసినా రాలేదు.

వాటి వల్ల బొమ్మ ఎక్కడ దెబ్బతిన్నదో వెతికి చూశాను. సభలో కృష్ణుడు కూర్చోబోతున్న చోట అర సెకనుపాటు గళ్ళు పడి వెంటనే సర్దుకుంటోంది. పద్యం మీద పడలేదు.

8 నవంబరు, శుక్రవారం

ఆ గళ్ళు అర సెకనుకే ఎందుకు సర్దుకున్నాయో రాసి పెట్టుకోవాలి. కోత రహస్యమంతా అందులోనే ఉంది.

డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2. మన పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కోటి 720×576. అన్నిటినీ పూర్తిగా దాచాలంటే డిస్కు చాలదు. అందుకని అప్పుడప్పుడు ఒక ఫ్రేమును పూర్తిగా దాస్తుంది, దాన్ని ఐ-ఫ్రేము అంటారు. తర్వాత వచ్చేవాటిలో పీ-ఫ్రేములు వెనకటి ఫ్రేము మీద ఆధారపడి, అక్కడినుంచి మారినదెంతో అంత మాత్రమే చెబుతాయి. బీ-ఫ్రేములు ముందుదీ వెనకదీ రెండూ చూసుకుంటాయి. ఐ-ఫ్రేముతో మొదలయ్యే ఈ గుంపు జీఓపీ. ఈ డిస్కుల్లో 15 ఫ్రేములకొక గుంపు, అంటే 0.6 సెకను. సెక్టారు చెడి ఒక ఫ్రేము పాడైతే దాని మీద ఆధారపడ్డవన్నీ పాడవుతాయి. తర్వాతి ఐ-ఫ్రేము రాగానే బొమ్మ మళ్ళీ కొత్తగా నిలబడుతుంది.

కోయడమూ అంతే. ఐ-ఫ్రేము దగ్గర కోస్తే దేన్నీ విప్పి మళ్ళీ కట్టనక్కర్లేదు, బైట్లని ఉన్నవున్నట్టు ఎత్తి పక్కన పెట్టడమే. గుంపు మధ్యలో కోస్తే పద్యాన్ని నడిపాదంలో విరిచినట్టు, మిగిలిన ముక్కకి ఆధారం ఉండదు. సరిగ్గా ఆ ఫ్రేము దగ్గరే కోయాలని పట్టుబడితే బొమ్మను విప్పి తిరిగి కుదించాలి. స్టూడియోలో మొత్తం నాటకానికి చేసేది ఆ పనే.

తిరిగి కుదిస్తే పోయేదేమిటి? ఫ్రేమును 8×8 చుక్కల గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలోని వెలుగునీడల్ని చిన్నా పెద్దా అలల మొత్తంగా లెక్కగడుతుంది. ఆ లెక్క పేరు డీసీటీ. దీన్ని బయటపెట్టిన వ్యాసం 1974 జనవరిలో వచ్చింది. రాసినవారు ముగ్గురు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఈ రావు గారు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2021లో పోయారు. అక్క వాళ్ళుండే ఇర్వింగ్‌కి ఆర్లింగ్టన్ పక్కనే. ఈ సంగతి చదివిన రోజు నాకెంత గర్వంగా అనిపించిందో! మన పెళ్ళి డీవీడీలన్నిటి అడుగునా ఆ లెక్కే ఉంది, ఆయన పేరు తెలిసినవాళ్ళు మాత్రం మా వీధిలో ఎవరూ లేరు.

ఆ లెక్క దానంతటది ఏమీ పోగొట్టదు. వచ్చిన అంకెల్ని దగ్గరి మెట్టుకి సవరించే దశలోనే నష్టం, సన్నని వివరాలు అక్కడ సున్నా అయిపోతాయి. ఒకసారి సవరించినదాన్ని విప్పి, వేరే మెట్ల మీద మళ్ళీ సవరిస్తే నష్టం మీద నష్టం. పెదనాన్న కిరీటంలో నెమలి పింఛం చుట్టూ సన్నగా ముసురుకున్న చుక్కలు ఇప్పటికే ఉన్నాయి. అది 2007లో రికార్డరు చేసిన నష్టం, దాన్నెవరూ తిరిగి తేలేరు. ఇంకో పొర నష్టం నా చేత్తో జరగనివ్వను.

10 నవంబరు, ఆదివారం

పొద్దున్నుంచీ కోతే.

డిస్కులో సినిమా ఒకే ఫైలుగా ఉండదు, ఒక్కోటి ఒక జీబీ మించని వీఓబీ ముక్కలుగా ఉంటుంది. ఒక పద్యం రెండు ముక్కల మధ్య పడొచ్చు. అందుకని ముందు మేక్‌ఎంకేవీతో ఒక్కో డిస్కులోని నాటకాన్నీ ఒకే ఎంకేవీలోకి మార్చాను. డబ్బా మారింది తప్ప లోపలి బొమ్మా శబ్దమూ అవే. తర్వాత లాస్‌లెస్‌కట్‌లో తెరిచి ఒక్కో పద్యానికీ మొదలూ చివరా గుర్తు పెట్టాను. దాని లోపల పని చేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, తిరిగి కుదించకుండా కాపీ చేసే పద్ధతిలో.

నాటకం ఈ పనికి బాగా లొంగుతుంది. పద్యానికి ముందు హార్మోనియం శ్రుతి పట్టుకుంటుంది, పద్యం అయ్యాక రాగం, రాగం అయ్యాక చప్పట్లు. అరసెకను అటూ ఇటూ జరిగినా ఏమీ పాడవదు. ఒక్క చోట చిక్కొచ్చింది. పెదనాన్న రాగం ఇంకా దిగకముందే మైకులో ఎవరో "ఈ పద్యానికి నూట పదహార్లు..." అంటూ అందుకున్నారు. ముందున్న ఐ-ఫ్రేము దగ్గర కోస్తే రాగం కొస పోతుంది. తర్వాతిదాని దగ్గర కోస్తే మైకు ముక్క కొంత ఉంటుంది. కోత పడిన ఆ ఒక్క గుంపునే తిరిగి కుదించి మిగతాదంతా కాపీ చేసే పద్ధతి కూడా ఉంది, స్మార్ట్ రెండరింగ్ అంటారు. బొమ్మ కోసమైతే అది న్యాయమైన పద్ధతే. ఇక్కడ రాగమూ మైకూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఎక్కడ కోసినా విడిపోవు. మైకు ముక్కను ఉంచేశాను. రాగం కొస కంటే విలువైనది అందులో ఏదీ లేదు.

ఇంకోటి: కొన్ని గుంపుల్లో మొట్టమొదట కనిపించాల్సిన రెండు బీ-ఫ్రేములు వెనకటి గుంపు మీద కూడా ఆధారపడతాయి. వీటిని ఓపెన్ జీఓపీ అంటారు. కోశాక వెనకటి గుంపు ఉండదు కాబట్టి ఆ రెండు ఫ్రేములూ చెదిరిపోవచ్చు, సెకనులో పన్నెండో వంతు. మొదలు గుర్తుని ఒక గుంపు వెనక్కి జరిపితే ఆ చెదురు హార్మోనియం మీద పోతుంది, పద్యం దాకా రాదు.

సాయంత్రం పెద్దమ్మ పక్కన కూర్చుని చూసింది. తెర అడుగున స్టూడియో పేరూ ఫోను నంబరూ కృష్ణుడి పాదాల మీదుగా పరుగెడుతుంటే, "అమ్మాయ్, అది తీసెయ్యలేవూ?" అంది.

"అది బొమ్మలోనే కలిసిపోయింది పెద్దమ్మా. తియ్యాలంటే ఆ మేరకి మసక పూసి మొత్తం మళ్ళీ కట్టాలి. పింఛం పాడవుతుంది."

కాసేపు చూసింది. "అయితే ఉండనీ. పాదాలు నాకెలాగూ తెలుసు."

12 నవంబరు, మంగళవారం

శబ్దం ఏసీ-3. ఒక్కో శబ్దపు ఫ్రేము 32 మిల్లీసెకన్లు, బొమ్మ ఫ్రేము 40. రెండూ ఒకేచోట తెగవు. ఒక్క ముక్కలో ఈ తేడా ఎవరికీ తెలియదు. ముక్కలన్నిటినీ కలిపి అతికిస్తే అజాగ్రత్తగా చేసిన చోట ఈ తేడాలు పోగుపడి పెదవులకీ పాటకీ పొత్తు కుదరకుండా పోతుంది. అక్క అడిగినట్టు ఏ పద్యానికా పద్యం విడి ఫైలుగానే ఉంచుతాను.

కంప్యూటర్లో చూస్తే చెయ్యి విసిరినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు. పాల్ ఫ్రేములో ప్రతిదానిలోనూ సగం గీతలు ఒక క్షణానివి, సగం తర్వాతి క్షణానివి. సెకనుకి 50 సగాలు. వీటిని ఫైలులో కలిపేస్తే తిరిగి కుదించాల్సిందే, పైగా కదలికలో సగం పోతుంది. చూసేటప్పుడు వీఎల్‌సీలో డీఇంటర్లేస్ నొక్కితే చాలు, ఫైలుని ముట్టుకోనక్కర్లేదు.

15 నవంబరు, శుక్రవారం. కార్తీక పౌర్ణమి

గుడి నుంచి వచ్చాక అక్కతో మాట్లాడాను. "మాకు ఎన్‌టీఎస్‌సీలోకి మార్చాలేమోనే" అంది. అక్కడి పద్ధతి 720×480, సెకనుకి 29.97 ఫ్రేములు. మారిస్తే 576 గీతల్ని 480కి నొక్కాలి, లేని ఫ్రేముల్ని పుట్టించాలి. పాత ప్లేయరు కోసం పెదనాన్నని అలా నొక్కడం నాకిష్టం లేదు. "ల్యాప్‌టాప్‌ని టీవీకి కలుపు అక్కా, దానికి పాల్ అయినా ఏదైనా ఒకటే" అన్నాను. సరేనంది.

రాత్రి పరీక్ష పెట్టాను. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఒక్కో ఫ్రేముని విప్పి దాని ఎండీ5 అంకెని రాసివ్వగలదు. అసలు డిస్కుదీ కోసిన పద్యానిదీ పక్కపక్కన పెట్టి పోల్చాను. మొదటి రెండు ఫ్రేములు తప్ప అన్నీ అక్షరం తేడా లేకుండా కలిశాయి. కళ్ళతో చూసి బాగుందనుకోవడం వేరు, ఇది వేరు. ఈ అంకెలు కలిసినప్పుడు నాకు కలిగిన ఊరట చెప్పలేను.

17 నవంబరు, ఆదివారం

పద్యాలన్నీ అక్కకి పంపాను. నాలుగు నిమిషాల పద్యం నూటయాభై ఎంబీ దాకా వస్తోంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ కుదిస్తుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపాను.

గంటలో ఫోను. పిల్లవాడు రెండో పద్యం శ్రుతి పట్టుకున్నాడట. తర్వాత అక్క, "ఆ సన్మానం కూడా పంపవే. నాన్నకి శాలువా కప్పినాయన హార్మోనియం రాజుగారిలా ఉన్నారు, సరిగ్గా చూడాలి" అంది.

అందుకే కోసినవి కోసినవే, మొత్తం మొత్తమే ఉంచాను. రెండు డిస్కుల పూర్తి నకళ్ళు (ఐఎస్ఓ ఫైళ్ళు) మా ఇంట్లో హార్డ్ డిస్కులో ఒకటి, పెద్దమ్మ ఇంట్లో ఒకటి. డిసెంబరులో మరిదిగారు డాలస్ వెళ్తున్నారు, 16 జీబీ పెన్‌డ్రైవులో వేసి ఆయన చేతికిస్తాను. ఒక్కో ఐఎస్ఓ నాలుగు జీబీ దాటింది కాబట్టి ఫ్యాట్32లో పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయాలి. రేపటి పని.